ఒకే హార్మోను కీళ్ల వాపును తగ్గిస్తూ రక్తంలో చక్కెరను ఎలా పెంచుతుంది?

పట్నంబజారు (గుంటూరు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. మెథోట్రెక్సేట్ గుణం చూపడానికి వారాలు పడుతుందనీ, అంతవరకు వాపు అదుపులో ఉండాలనీ చెప్పి కొత్తపేటలో వైద్యులు రోజూ ఉదయం ఫలహారం తర్వాత వేసుకొమ్మని 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రాశారు. వేళ్ల కణుపుల దగ్గర వాపు, నిద్ర లేచిన వెంటనే ఉండే బిగుతు చాలావరకు తగ్గాయి గాని, ఇంతకు ముందు లేని షుగరు ఇప్పుడు కనబడుతోంది. పరగడుపున చూస్తే మామూలుగానే ఉంటుంది, మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు చూస్తే 240 దాటుతుంది. వైద్యులకు ఈ సంగతి తెలుసు, మందులు సర్దుతున్నారు. కాబట్టి చికిత్స గురించి అడగడానికి ఇది రాయడం లేదు.

నాకు కావలసింది దీని వెనుక ఉన్న శాస్త్రం. డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివాను గనుక జన్యువు, అనులేఖనం, ఎంజైము వంటి మాటలు కొత్త కావు. ఒకే అణువు వాపుకు సంబంధించిన జన్యువులను మూయించి, చక్కెరకు సంబంధించిన జన్యువులను తెరిపించడం ఎలా సాధ్యమవుతుంది? ఈ మందు చేసే మేలంతా జన్యువులను అణచడం వల్ల కలుగుతుందనీ, కీడంతా జన్యువులను మేల్కొల్పడం వల్ల కలుగుతుందనీ ఒక వ్యాసంలో చదివాను. అది నిజమైతే మొదటి పని మాత్రమే చేసే మందును ఈపాటికి తయారు చేసి ఉండాలి కదా? అలాంటిది మందుల దుకాణంలో ఎందుకు దొరకడం లేదో తెలిసినవారు వివరించగలరు.

జీవరసాయనం (విజయవాడ) ఇచ్చిన సమాధానం:

పట్నంబజారు గారికి, డిగ్రీ విద్యార్థులకు ఈ పాఠం చెప్పే అధ్యాపకురాలిగా మీ మొదటి ప్రశ్నకు సమాధానం రాస్తాను. రెండో ప్రశ్నకు నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదికలోనే ఉన్నారు.

మాత్రలో ఉండే ప్రెడ్నిసొలోన్ అయినా, మన అడ్రినల్ గ్రంథుల వల్కలంలో (బయటి పొరలో) తయారయ్యే కార్టిసాల్ హార్మోను అయినా కొవ్వులో కరిగే స్టెరాయిడ్ అణువులే కనుక, అవి కణత్వచాన్ని సులువుగానే దాటి లోపలికి వెళ్లగలవు. కణద్రవ్యంలో వాటి కోసం గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం అనే ప్రొటీను సిద్ధంగా ఉంటుంది. 777 అమైనో ఆమ్లాల పొడవున్న ఈ ప్రొటీను జన్యువు మనిషిలో 5వ క్రోమోజోము మీద ఉంది. 1985లో అమెరికాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం ఆ జన్యువును క్లోన్ చేసి, ప్రొటీనులోని అమైనో ఆమ్లాల వరుసను వెల్లడించింది. హార్మోను లేని సమయంలో ఈ గ్రాహకం హెచ్‌ఎస్‌పీ-90 అనే ప్రొటీనుతోనూ మరికొన్ని తోడు ప్రొటీన్లతోనూ కలిసి, హార్మోనును పట్టుకోవడానికి అనువైన ఆకారంలో నిలిచి ఉంటుంది. హార్మోను వచ్చి తన చోట ఇమిడిన వెంటనే గ్రాహకం ఆకారం మారుతుంది, తోడు ప్రొటీన్ల అమరిక మారుతుంది, గ్రాహకం నిమిషాల వ్యవధిలో కేంద్రకంలోకి చేరుతుంది.

కేంద్రకంలో అది ఎక్కడ పడితే అక్కడ కూర్చోదు. డీఎన్‌ఏలో ఏ-జీ-ఏ-ఏ-సీ-ఏ అనే ఆరు క్షారాలు (డీఎన్‌ఏ అక్షరాలు), ఆ తర్వాత ఏవైనా మూడు, ఆ పైన టీ-జీ-టీ-టీ-సీ-టీ అనే ఆరు, మొత్తం 15 క్షారాల వరుస ఉన్న చోట, లేదా దానికి దగ్గరగా ఉన్న వరుస చోట కూర్చోవడానికి ఇష్టపడుతుంది. రెండు సగాలూ ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉంటాయి కాబట్టి రెండు గ్రాహకాలు జంట కట్టి చెరొక సగాన్నీ పట్టుకుంటాయి. ఒక్కొక్క గ్రాహకంలో డీఎన్‌ఏను పట్టుకునే భాగంలో రెండు జింకు అయాన్లు ఉంటాయి, ఒక్కొక్క జింకునూ నాలుగేసి సిస్టీన్లు బిగించి పట్టుకుంటాయి. ఆ భాగం డీఎన్‌ఏతో కూడి ఉన్న స్ఫటిక నిర్మాణం 1991లో వెలువడింది. దాన్ని బొమ్మలో చూపిస్తే తప్ప మా విద్యార్థులకు ఈ జంట కట్టడం ఎందుకు ముఖ్యమో బోధపడదు.

అలా కూర్చున్న తర్వాత గ్రాహకం స్వయంగా చేసేది తక్కువ, పిలిపించుకునేది ఎక్కువ. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లకు ఎసిటైల్ సమూహాలను తగిలించే పీ-300 వంటి సహకారక ప్రొటీన్లు అక్కడికి వచ్చి చేరుతాయి, బిగుతుగా చుట్టుకుని ఉన్న క్రొమాటిన్ (డీఎన్‌ఏ, హిస్టోన్ల చుట్ట) వదులవుతుంది, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఆ జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం, అంటే అనులేఖనం, మొదలుపెడుతుంది. కాలేయంలో కొత్త గ్లూకోజును తయారు చేసే ఎంజైముల జన్యువులు, ముఖ్యంగా పెప్‌సీకే, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ జన్యువులు, ఈ పద్ధతిలోనే ఉద్దీపన చెందుతాయి.

ఇక కీళ్ల సంగతి. కీళ్లవాతంలో కీలుపొరలో చేరిన రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లలోనూ, ఆ పొర కణాలలోనూ ఎన్‌ఎఫ్-కప్పా-బి, ఏపీ-1 అనే రెండు అనులేఖన కారకాలు (జన్యువులను పనిచేయించే ప్రొటీన్లు) విశ్రాంతి లేకుండా పనిచేస్తుంటాయి. వాపు సంకేత ప్రొటీన్లైన టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, తెల్లకణాలను రప్పించే ఇంటర్‌ల్యూకిన్-8, నొప్పికి కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే కాక్స్-2, వీటి జన్యువులన్నింటినీ నడిపించేది ప్రధానంగా ఆ రెండే. గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం ఇక్కడ తన సొంత 15 క్షారాల వరుస కోసం వెతుక్కోనక్కర లేకుండానే, అప్పటికే డీఎన్‌ఏ మీద కూర్చుని ఉన్న ఎన్‌ఎఫ్-కప్పా-బి లోని పీ-65 భాగాన్నో, ఏపీ-1నో ఆనుకుని నిలబడగలదు. అలా నిలబడినప్పుడు అది పిలిపించేవి వేరే ప్రొటీన్లు. హిస్టోన్ల మీది ఎసిటైల్ సమూహాలను తొలగించే ఎంజైములు అక్కడికి వస్తాయి, వదులైన క్రొమాటిన్ మళ్లీ బిగుసుకుంటుంది, ఆ జన్యువుల అనులేఖనం తగ్గిపోతుంది. ఏపీ-1తో ఈ పరస్పర విరోధాన్ని 1990లో వేర్వేరు ప్రయోగశాలలు దాదాపు ఒకేసారి ప్రకటించాయి.

హార్మోను ఒకటే, గ్రాహకమూ ఒకటే. అది దేని మీద నిలబడింది, పక్కన ఎవరున్నారు అనేదాన్ని బట్టి పని మారుతుంది. మీరు చదివిన వ్యాసం బహుశా ఇక్కడితో ఆగిపోయి ఉంటుంది.

కొత్తపేట వైద్యుడు (గుంటూరు) ఇచ్చిన సమాధానం:

అధ్యాపకురాలు గారు అణువుల సంగతి చక్కగా రాశారు. రోగి శరీరంలో అది ఎలా కనబడుతుందో నేను చెబుతాను. ముందుగా ఒక మాట, మీ అమ్మగారి విషయంలో నిర్ణయాలు ఆమెను చూస్తున్న వైద్యులవే.

చక్కెర పెరగడానికి కాలేయం ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి కండరం, కొవ్వు, కాలేయం మూడూ కలిసి చేసే పని ఇది. కండర కణాలలో గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం మర్ఫ్-1 వంటి జన్యువులను ప్రేరేపించడం వల్ల కండర ప్రొటీన్లు విచ్ఛిన్నమై అమైనో ఆమ్లాలు రక్తంలోకి వస్తాయి, వాటిలో అలనిన్ వంటివి కాలేయానికి చేరి గ్లూకోజుకు ముడిసరుకవుతాయి. అదే కండరంలో పీడీకే-4 అనే ఎంజైము పెరగడం వల్ల గ్లూకోజును కాల్చడం మందగిస్తుంది, ఇన్సులిన్ సంకేతానికి స్పందించి గ్లూకోజును లోనికి తీసుకునే గ్లూట్-4 రవాణా ప్రొటీన్లు కణత్వచం మీదికి సరిగా చేరవు. కొవ్వు కణాలు కొవ్వు ఆమ్లాలనూ గ్లిసరాల్‌నూ విడుదల చేస్తాయి. ఆ కొవ్వు ఆమ్లాలు ఇన్సులిన్ నిరోధాన్ని మరింత పెంచుతాయి, గ్లిసరాల్ మళ్లీ కాలేయానికే ముడిసరుకవుతుంది. ఇవన్నీ చాలవన్నట్లు క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్ స్రవించే శక్తి కూడా కొంత తగ్గుతుంది.

కాలేయంలో పెప్‌సీకే జన్యువు ముందు భాగం ఒక చిన్న పంచాయితీ వేదిక వంటిది. అక్కడ గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం ఒంటరిగా ఏమీ చేయలేదు. ఫాక్సో-1, హెచ్‌ఎన్‌ఎఫ్-4-ఆల్ఫా, ఉపవాసంలో గ్లూకగాన్ సంకేతం మోసుకొచ్చే క్రెబ్ వంటి కారకాలన్నీ పక్కపక్కనే కూర్చుని ఉంటేనే ఆ జన్యువు పూర్తి స్థాయిలో పనిచేస్తుంది. ఇన్సులిన్ వచ్చినప్పుడు ఫాక్సో-1కు ఫాస్ఫేటు తగిలి అది కేంద్రకం నుంచి బయటికి వెళ్లిపోతుంది, జన్యువు చల్లబడుతుంది. అంటే స్టెరాయిడ్, ఇన్సులిన్ రెండూ ఒకే చోట ఎదురెదురుగా వాదించుకుంటున్నాయన్న మాట. ఇన్సులిన్ ఎక్కువ స్రవించగలిగినవారిలో స్టెరాయిడ్ ఇచ్చినా చక్కెర పెరగకపోవడానికీ, కుటుంబంలో షుగరు ఉన్నవారిలో అదే మోతాదుకు ఎక్కువగా పెరగడానికీ ఇదొక కారణం.

మధ్యాహ్నం మాత్రమే ఎందుకు పెరుగుతుందన్నది మంచి ప్రశ్న. ఉదయం ఒకేసారి వేసుకున్న ప్రెడ్నిసొలోన్ ప్రభావం చక్కెర మీద సుమారు 4 నుంచి 8 గంటల తర్వాత గరిష్ఠంగా ఉంటుంది, సరిగ్గా అదే సమయానికి మన ఇళ్లలో రోజు మొత్తంలో అన్నం ఎక్కువగా తినే భోజనం వస్తుంది. రాత్రికి ప్రభావం తగ్గిపోతుంది కనుక తెల్లవారి పరగడుపున మామూలుగా ఉంటుంది. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుని షుగరు లేదనుకోవడం నా దగ్గరికి వచ్చేవారిలో తరచుగా చూస్తుంటాను. భోజనం తర్వాత పరీక్షే ఇక్కడ అసలు సంగతి చెబుతుంది.

జన్యువుల ద్వారా పనిచేయడం వల్ల మరొక ఫలితం ఉంది. వార్తాహర ఆర్‌ఎన్‌ఏ పుట్టి, ప్రొటీను తయారై, పాత ప్రొటీన్లు తరిగిపోవడానికి గంటలు పడుతుంది. ఉబ్బసంతో ఆయాసపడుతూ వచ్చిన రోగికి మేము మొదటి నిమిషాలలో సాల్బుటమాల్ పీల్పించి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా వెంటనే ఇస్తాము. ఎందుకంటే ఆ ఇంజెక్షన్ ఫలితం కనబడేది కొన్ని గంటల తర్వాత.

మోతాదుల గురించి కూడా చెప్పాలి. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్, 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ దాదాపు సమానమైన శక్తి కలవి. అడ్రినల్ గ్రంథులు పనిచేయనివారికి శరీరం అవసరాన్ని తీర్చడానికి రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇస్తారు. ఆ లెక్కన మీ అమ్మగారు తీసుకుంటున్నది శరీర అవసరానికి మించినదే అయినా భయపడవలసినంత పెద్ద మోతాదు కాదు. అయితే పిట్యూటరీ గ్రంథిలో, అడ్రినల్ గ్రంథులను పనిచేయించే హార్మోనైన ఏసీటీహెచ్‌కు మూలమైన పీఓఎమ్‌సీ జన్యువును ఇదే గ్రాహకం అణచివేస్తుంది. బయటి నుంచి మాత్ర వారాల తరబడి వస్తుంటే ఏసీటీహెచ్ తగ్గి, సొంత అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. కాబట్టి షుగరు పెరిగిందని బెంగపడి మాత్రను ఒక్కసారిగా ఆపేయవద్దు. ఆపడం ఎలాగో, ఎంత నెమ్మదిగానో వైద్యులే చెప్పాలి.

ప్రసంగవశాత్తు, 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ఔషధ పరీక్ష ఫలితాలు వచ్చాక కోవిడ్‌లో డెక్సామెథసోన్ వాడకం మారిపోయిన సంగతి అందరికీ తెలుసు. రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చినప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు సుమారు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో సుమారు ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం ఏ ప్రయోజనమూ కనబడలేదు. ఆ చివరి వాక్యాన్ని పట్టించుకోకుండా 2021 రెండో అలలో జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే స్టెరాయిడ్ మింగినవారు ఎందరో ఉన్నారు. అదుపు తప్పిన చక్కెర, అణగారిన రోగనిరోధక శక్తి కలిసినప్పుడు బ్లాక్ ఫంగస్ ఎలా విజృంభించిందో గుంటూరు, విజయవాడ ఆసుపత్రులలో పనిచేసినవారెవరూ మరచిపోలేరు. వాపు, చక్కెర అనే ఈ రెండు పనులూ ఒకే గ్రాహకానివి అనడానికి అంతకంటే చేదు ఉదాహరణ నాకు తెలియదు.

పరిశోధక విద్యార్థిని (నంబూరు) ఇచ్చిన సమాధానం:

పట్నంబజారు గారి రెండో ప్రశ్నకు నేను సమాధానం రాస్తాను. అణచడం మంచిది, మేల్కొల్పడం చెడ్డది అనే విభజన వినడానికి చాలా అందంగా ఉంటుంది. పదిహేనేళ్లకు పైగా మందుల కంపెనీలు దాని వెంట పరుగెత్తడానికి ఆ అందమే కారణమని నా అభిప్రాయం.

ఆ ఆశకు బలమిచ్చింది 1998లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుంటర్ షుట్జ్ బృందం ప్రకటించిన ఎలుకల ప్రయోగం. గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం పూర్తిగా లేని ఎలుకపిల్లలు ఊపిరితిత్తులు సరిగా ఎదగక పుట్టిన కొద్దిసేపటికే చనిపోతాయి. ఈ బృందం గ్రాహకాన్ని తొలగించకుండా, డీఎన్‌ఏ మీద జంట కట్టడానికి అవసరమైన చోట ఒక్క అమైనో ఆమ్లాన్ని మాత్రం మార్చింది. ఆ ఎలుకలు బతికాయి. వాటిలో జంట గ్రాహకం అవసరమైన టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ వంటి కాలేయ జన్యువులు స్టెరాయిడ్‌కు స్పందించలేదు, ఏపీ-1ను అణచే పని మాత్రం కొనసాగింది. తర్వాతి ప్రయోగాలలో చర్మం మీద రసాయనంతో పుట్టించిన వాపు కూడా ఆ ఎలుకలలో స్టెరాయిడ్‌తో తగ్గింది. ఇంకేం, జంట కట్టనివ్వకుండా ఒంటరి గ్రాహకంతో పనిచేయించే అణువు దొరికితే చాలుననుకున్నారు.

కాని అవే ఎలుకలకు కీళ్లవాతం కలిగించి చూసినప్పుడు కథ అడ్డం తిరిగింది. 2011లో వెలువడిన పరిశోధన ప్రకారం, జంట కట్టలేని గ్రాహకం ఉన్న ఎలుకలలో స్టెరాయిడ్ ఇచ్చినా కీళ్ల వాపు తగ్గలేదు. టీ-కణాలు అనే తెల్లకణాలలో జంట గ్రాహకం ఉండి తీరాలని తేలింది. టీఎన్‌ఎఫ్ వల్ల, బాక్టీరియా విషపదార్థం వల్ల కలిగే తీవ్ర ఇన్‌ఫ్లమేషన్‌లోనూ ఆ ఎలుకలు మామూలు ఎలుకలకంటే త్వరగా కుప్పకూలాయి. అంటే మీ అమ్మగారి జబ్బుకు దగ్గరి నమూనాలోనే ఆ అందమైన విభజన నిలబడలేదు.

కారణం వెతికితే అర్థమయ్యేది ఏమిటంటే, వాపును తగ్గించే పనిలో గణనీయమైన భాగం కొత్త జన్యువులను మేల్కొల్పడం వల్లనే జరుగుతుంది. డస్ప్-1 అనే ఫాస్ఫటేజ్ జన్యువును గ్రాహకం ఉద్దీపింపజేస్తుంది. ఆ ఫాస్ఫటేజ్ పీ-38 వంటి కైనేజ్‌ల మీది ఫాస్ఫేటును తొలగించి వాపు సంకేతాన్ని దారిలోనే ఆపుతుంది. డస్ప్-1 లేని ఎలుకలలో డెక్సామెథసోన్ వాపును తగ్గించే శక్తిలో కొంత పోతుందని 2006లో చూపించారు. గిల్జ్ అనే ప్రొటీను ఎన్‌ఎఫ్-కప్పా-బి, ఏపీ-1 రెండింటినీ అడ్డుకుంటుంది, దాని జన్యువు ముందు గ్రాహకం కూర్చునే 15 క్షారాల వరుసలు బారులు తీరి ఉంటాయి. టీటీపీ అనే మరో ప్రొటీను టీఎన్‌ఎఫ్ వంటి వాటి వార్తాహర ఆర్‌ఎన్‌ఏలను పట్టుకుని త్వరగా నాశనమయ్యేలా చేస్తుంది. అందుచేత మంట పుట్టించే ప్రొటీను తగ్గడానికి దాని జన్యువు మూతపడవలసిన అవసరం కూడా లేదు. వీటన్నింటినీ మేల్కొల్పడం కూడా అనులేఖన ఉద్దీపనే. జంట కట్టడాన్ని ఆపితే చక్కెర జన్యువులతో పాటు ఇవి కూడా పోతాయి.

రెండో వైపు చూసినా లెక్క సరిపోదు. దుష్ఫలితాలన్నీ ఉద్దీపన వల్లనే వస్తాయన్నది కూడా నిజం కాదు. వైద్యులు గారు చెప్పిన పీఓఎమ్‌సీ అణచివేత దుష్ఫలితమే, అది అణచడం వల్ల వచ్చినది. ఎముకలు నిర్మించే కణాలను దెబ్బతీయడంలోనూ జన్యువులను అణచే పనికి వాటా ఉంది.

మరి అందరూ అడిగే ప్రశ్న, ఒకే గ్రాహకం కాలేయంలో పెప్‌సీకేను తెరిచి, కీలులోని మాక్రోఫేజ్‌లో దాన్ని ఎందుకు తెరవదు? 15 క్షారాల వరుస రెండు కణాలలోనూ ఒకటే కదా. ఇక్కడ నిర్ణయించేది క్రొమాటిన్. గ్రాహకం వెళ్లి కూర్చునే చోట్లలో అత్యధిక భాగం హార్మోను రాకముందే తెరిచి ఉన్నవేనని 2011లో అమెరికాలో గోర్డన్ హేగర్ బృందం చూపించింది. ఏ చోట్లు తెరిచి ఉండాలో ఆ కణం పుట్టి పెరిగిన క్రమంలో వేరే కారకాలు ముందే తేల్చి ఉంచుతాయి. కాలేయంలో సీ-ఈబీపీ-బీటా ఆ పని చేస్తే, మరికొన్ని కణాలలో ఏపీ-1 చేస్తుంది. ఏపీ-1 విషయం గమనించదగ్గది. ఒకచోట గ్రాహకానికి విరోధిగా కనబడిన ఏపీ-1, మరోచోట గ్రాహకం కూర్చోవడానికి చోటు తెరిచి ఉంచేది కూడా. అందువల్ల ఏది మిత్రుడు, ఏది శత్రువు అని గ్రాహకం తరఫున మనం ముందే జాబితా రాయలేము.

ఇన్ని చెప్పాక ప్రయత్నాలు వృథా అయ్యాయని అనుకోవద్దు. వామొరొలోన్ అనే స్టెరాయిడ్‌ను డుషేన్ కండర క్షీణత ఉన్న పిల్లల కోసం 2023లో అమెరికాలో ఆమోదించారు. ఎదుగుదల కుంటుపడటం దానితో పాత స్టెరాయిడ్ల కంటే తక్కువగా ఉన్నట్లు పరీక్షలలో కనబడింది. అయినా అడ్రినల్ గ్రంథుల మందగమనం దానితోనూ ఉంది. అంటే ఒకటి రెండు దుష్ఫలితాలను పక్కకు తప్పించగలిగారు గాని, మేలునూ కీడునూ రెండు ముక్కలుగా కోయలేకపోయారు.

మొగల్రాజపురం (విజయవాడ) ఇచ్చిన సమాధానం:

పైవారి వివరణకు చిన్న చేర్పు. గ్రాహకం స్థాయిలో కుదరని విభజనను మందు చేరే చోటు స్థాయిలో ఎప్పుడో సాధించారు. ఉబ్బసానికి వాడే బ్యూడెసొనైడ్, ఫ్లూటికసోన్ ఇన్‌హేలర్లు అవే. గ్రాహకమూ అదే, జన్యువులూ అవే, మందు మాత్రం శ్వాసనాళాలలోనే ఎక్కువగా ఉంటుంది. మింగిన భాగాన్ని కాలేయం మొదటి దఫాలోనే చాలావరకు నిర్వీర్యం చేస్తుంది. మిర్చి యార్డులో ఘాటు మధ్య పనిచేసే మా బావగారు మాత్రలు వాడినన్నాళ్లు ముఖం ఉబ్బి ఉండేది, ఇన్‌హేలరుకు మారాక ఆ బాధ లేదు. ఒకటి రెండు కీళ్లకే వాపు ఉంటే కీలులోపలికి ఇంజెక్షన్ ఇవ్వడంలోనూ ఇదే తర్కం ఉంది. రుమటాయిడ్‌లో అనేక కీళ్లు, పైగా శరీరమంతటి రోగనిరోధక వ్యవస్థ కలిసి ఉంటాయి కనుక ఆ ఉపాయం పూర్తిగా సరిపోదు.

పట్నంబజారు (గుంటూరు) మళ్లీ రాశారు:

అందరికీ కృతజ్ఞతలు. పరిశోధక విద్యార్థిని గారు చెప్పిన 2011 నాటి కీళ్లవాతపు ఎలుకల ప్రయోగం నా ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పింది. మంచి, చెడు అని గీసుకున్న గీత శరీరంలో లేదన్న మాట.

ఇంకొక సందేహం మిగిలింది. స్టెరాయిడ్ మోతాదు తగ్గించుకోవడానికి అతిమధురం చూర్ణం పాలలో కలిపి ఇవ్వమని, అది స్టెరాయిడ్ లాగానే పనిచేస్తుందని మా వీధిలో ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. అమ్మకు రక్తపోటు కూడా ఉంది, దానికి మాత్ర వాడుతోంది. ఈ మాటలో నిజం ఎంత?

జీవరసాయనం (విజయవాడ) ఇచ్చిన సమాధానం:

అందులో రసాయనశాస్త్రం ఉంది, కాని ఆయన అనుకున్న దిశలో కాదు. కార్టిసాల్ చర్య గ్రాహకం దగ్గర మొదలైనట్లు మనం ఇంతసేపూ మాట్లాడుకున్నాం, నిజానికి దానికి ముందు ఇంకొక మెట్టు ఉంది. 11-బీటా-హెచ్‌ఎస్‌డీ అనే ఎంజైము రెండు రూపాలలో ఉంటుంది. మొదటి రూపం కాలేయంలోనూ కొవ్వులోనూ ఉండి, నిష్క్రియమైన కార్టిసోన్‌ను కార్టిసాల్‌గా మారుస్తుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతం ఉన్న రోగికి తొలిసారి ఇచ్చినది కార్టిసోన్‌నే. అది ఫలించడానికి ఈ ఎంజైమే కారణం. ఆ పనికి సంబంధించి కెండాల్, హెంచ్, రైక్‌స్టైన్ 1950లో నోబెల్ బహుమతి పొందారు.

రెండో రూపం ప్రధానంగా మూత్రపిండాలలో ఉండి, దానికి సరిగ్గా వ్యతిరేకంగా కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చి నిర్వీర్యం చేస్తుంది. మూత్రపిండంలో ఉప్పును నిలిపి ఉంచే అల్డోస్టిరాన్ కోసం ఉన్న గ్రాహకం కార్టిసాల్‌ను కూడా అంతే గట్టిగా పట్టుకోగలదు, పైగా రక్తంలో కార్టిసాల్ అల్డోస్టిరాన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రెండో ఎంజైము కాపలా లేకపోతే ఆ గ్రాహకాన్ని కార్టిసాలే ఆక్రమించుకుంటుంది. అతిమధురంలోని గ్లిసరైజిన్ నుంచి శరీరంలో ఏర్పడే పదార్థం అడ్డుకునేది సరిగ్గా ఈ కాపలానే. ఫలితంగా ఉప్పు, నీరు నిలిచిపోయి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో కలిసి పోతుంది. ప్రెడ్నిసొలోన్‌ను నిర్వీర్యం చేసేది కూడా ఇదే ఎంజైము కనుక, అతిమధురంతో పాటు ఇస్తే మాత్ర శక్తి పెరగవచ్చు గాని అది మోతాదు తగ్గించుకున్నట్లు కాదు, ఎంత పెరిగిందో తెలియకుండా పెంచుకున్నట్లు.

రక్తపోటు ఉన్నవారికి ఇది తగదు. దగ్గుకు ఎప్పుడైనా చిన్న ముక్క చప్పరించడం వేరు, రోజూ చూర్ణం తీసుకోవడం వేరు. ఇప్పటికే ఇస్తూ ఉన్నట్లయితే ఎంత పరిమాణంలో, ఎంతకాలంగా ఇస్తున్నారో మీ వైద్యులకు చెప్పి, ఈసారి షుగరు పరీక్షతో పాటు రక్తంలో పొటాషియం కూడా చూపించండి.